నాలుగు గోడల మీద అమ్మీ గొంతు

పోయిన వారం నాజ్‌ను మనం ఒక చీకటి గదిలో వదిలి వచ్చాం.

తండ్రి వాహెద్‌ను వెంటబెట్టుకుని ఆమె పొద్దున్నే మెదక్‌లో బస్సెక్కి హైదరాబాద్ వచ్చింది. పిలిచింది శ్రేయ. ఇద్దరూ ఒకే వీధిలో పెరిగినవాళ్ళు, ఒకే ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివినవాళ్ళు, ఒకే హాస్టల్ గదిలో పడుకున్నవాళ్ళు. చదువయ్యాక శ్రేయ నగరంలోనే ఒక డిజిటల్ ఎగ్జిబిషన్ కంపెనీలో చేరింది. నాజ్ మాత్రం, తల్లి షాజహాన్ బీ చనిపోయాక మెదక్ తిరిగి వచ్చి, ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరుగా ఉండిపోయింది.

"కాలేజీల నువ్వు గీసిన మన ఊరి బొమ్మలు ఇప్పుడు గోడలంత కదులుతున్నయే. బోర్డు మీద నీ పేరే ముందు. చాచాను తోల్కొని రా" అని శ్రేయ ఫోన్ చేసినప్పుడు నాజ్ నమ్మలేదు. వచ్చి చూస్తే నిజంగానే ద్వారం పక్కన 'చిత్రాలు: నాజ్, మెదక్' అని ఉంది. వాహెద్ ఆ పేరు మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. పొద్దున సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు పాలరాతి బొమ్మ ముందు కూడా ఆయన అంతసేపు నిలబడలేదు.

చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళారు. తలుపు మూసుకుంది. దీపాలు ఆరిపోయాయి.

ఇక ఏం జరిగిందో చూద్దాం.

ముందు ఒక నల్లని గీత పుట్టింది. బొగ్గుముక్కతో ఎవరో అప్పుడే గీస్తున్నట్టు ఆ గీత పాకి ఖిల్లా మెట్లయింది. మెట్ల మీదుగా పైకి పోయి బురుజయింది. అవతలి గోడ మీద చర్చి శిఖరం లేచింది. అన్నీ నాజ్ గీతలే. ఏ గీత దగ్గర బొగ్గు విరిగిందో, ఎక్కడ వేలితో రుద్దిందో ఆమెకు తెలుస్తూనే ఉంది. కాగితం మీద చారెడు ఉన్న వీధి ఇప్పుడు ఇంటి ఎత్తున నిలబడింది. వాన మొదలయింది. వాన నీళ్ళు గోడల మీంచి దిగి, నేల మీదికి పారి, కూర్చున్నవాళ్ళ కాళ్ళ కిందనుంచి వెళ్ళిపోయాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. జనం ఫోన్లు పైకెత్తారు.

వాహెద్ కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "మన గల్లీ" అన్నాడు ఉర్దూలో, మెల్లిగా.

అప్పుడు వాన చప్పుడు తగ్గి, వెనక నుంచి ఒక పాట మెల్లగా మొదలయింది. నాలుగు వైపుల నుంచీ ఒక ఆడమనిషి గొంతు వినిపించింది.

"జర చెప్పు బిడ్డా. ఒక్కసారి వచ్చి పొమ్మను."

ఆ గొంతు పోల్చుకోవడానికి నాజ్‌కు క్షణం కూడా పట్టలేదు. అది అమ్మీ గొంతు. మాటకూ మాటకూ మధ్య ఆయాసం, చివరి మాట మీద కొంచెం బొంగురు. పోయిన మనిషి ఎక్కడో పక్కగదిలో నిలబడి పిలుస్తున్నట్టే ఉంది. మళ్ళీ వినిపించింది. "ఒక్కసారి వచ్చి పొమ్మను." గోడల మీద తెల్లని అక్షరాలు లేచాయి: 'ఊరు పిలుస్తోంది'. పక్కన ఎవరో ముక్కు చీదారు. ఒక అమ్మాయి మొగుడి భుజం మీద తల పెట్టుకుంది.

నాజ్‌కు ముందు ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు వెనకాలే ఒక అనుమానం వచ్చి, ఏడుపును అక్కడికక్కడే ఆపేసింది.

అమ్మీ తనతో ఎప్పుడూ తెలుగులో మాట్లాడలేదు. ఇంట్లో అందరిదీ ఉర్దూయే. అన్నానికి పిలిచినా, తిట్టినా, ముద్దు చేసినా ఉర్దూయే. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్ళతోనూ, వీధిలోవాళ్ళతోనూ మాత్రమే షాజహాన్ బీ తెలుగు మాట్లాడేది. అయితే ఈ మాట తనకు చెప్పింది కాదు. 'వచ్చి పొమ్మను' అంటోంది. ఎవరిని రమ్మంటోంది? ఎవరికి చెప్తోంది?

పక్కకు తిరిగి చూసింది. వాహెద్ లేడు. చెయ్యి ఎప్పుడు వదిలాడో, ఎప్పుడు లేచి వెళ్ళాడో తెలియలేదు.

లేచి బయటికి వచ్చింది. వరండాలో ఆయన గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎదురుగా శ్రేయ నవ్వుతూ వస్తోంది. మెడలో గుర్తింపుకార్డు, చేతిలో నీళ్ళ సీసా.

"ఎట్లున్నదే? చాచీ గొంతు విన్నవా? నీకోసమే పెట్టిపిచ్చిన."

"ఆ మెసేజ్ అమ్మీ ఎవరికి పెట్టింది?" అని అడిగింది నాజ్.

శ్రేయ నవ్వు అలాగే ఉంది కానీ, కళ్ళలోది పోయింది. "అంటే... ఏదో పాతది... నా ఫోన్ల ఉండె."

"నన్ను రమ్మని నీకు చెప్పింది. ఎప్పుడు?"

జనం బయటికి వస్తున్నారు. ఎవరో శ్రేయకు చెయ్యి కలిపి "మస్తుంది మేడం, ఏడిపిచ్చిన్రు" అని వెళ్ళారు. శ్రేయ గొంతు తగ్గించి, "ఇక్కడ ఒద్దు నాజ్. రేపు ఆదివారం. ఇంటికొస్త. అంత చెప్త" అంది.

నాజ్ తండ్రి భుజం పట్టుకుని మెట్లు దిగింది. మెదక్ బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. నర్సాపూర్ అడవి దాటింది, కుల్చారం దాటింది. తండ్రి ఒక్క మాట మాట్లాడలేదు. భార్య గొంతు విని గుండె చెదిరిందనుకుంది నాజ్. తన సంచిలోని తువ్వాలు తీసి, కళ్ళు తుడుచుకోమని ఆయన ఒళ్ళో పెట్టింది.

శ్రేయ మర్నాడు పదకొండింటికి వచ్చింది.

రాందాస్ చౌరస్తాకు దగ్గరలో ముందు దుకాణం, వెనక ఇల్లు వాహెద్‌ది. పరుపులు, దిండ్లు కుట్టి అమ్ముతాడు. ఆ వేళకు ఆయన దుకాణంలో దూది కూరుతున్నాడు. శ్రేయ "సలాం చాచా" అంది. ఆయన తల ఊపాడు కానీ ముఖం ఎత్తలేదు. ఆమె ఎప్పటిలాగే పరదా తొలగించుకుని లోపలికి వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఆ ఇంట్లోకి అడగకుండా వచ్చే మనిషి. ఇవాళ మాత్రం గదిలోకి రాగానే నిలబడిపోయింది. నాజ్ కూర్చోమనలేదు.

"కాలేజీల మన ప్రాజెక్టుకు పెట్టుకున్న పాత ఫైల్స్ వెతుకుతుంటే దొరికింది నాజ్. చాచీ గొంతు గద... నీకు సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్న. నువ్వు ఖుష్ అయితవనుకున్న."

"అమ్మీ నాతోని తెలుగుల మాట్లాడంగ ఎప్పుడన్న విన్నవా?"

ఆ సంగతి శ్రేయకు తట్టనే లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"పెట్టు. మొత్తం పెట్టు. నువ్వు కోసింది కాదు."

శ్రేయ ఫోన్ తీసింది. వెతికి, నొక్కి, ఫోన్‌ను మంచం మీద పెట్టింది. గదిలో షాజహాన్ బీ మాట్లాడడం మొదలుపెట్టింది. ఈసారి పాట లేదు, వాన లేదు. వెనక ఎక్కడో దవాఖాన బండి చక్రాల చప్పుడు మాత్రం ఉంది.

"శ్రేయా... బిడ్డా, నేను చాచీని. నాజ్ ఫోన్ ఇంక బాగు కాలేదా? దానికి జర చెప్పు బిడ్డా. ఒక్కసారి వచ్చి పొమ్మను. పరీక్షదేమున్నది, మళ్ల రాసుకోవచ్చు. నా పానం మంచిగ లేదు. దవాఖానల ఉన్న. దానికొక మాట చెప్పేదున్నది. నా నోటితోనే చెప్పాలె. మీ చాచాకు మాత్రం చెప్పకు, నేను నీకు ఫోన్ చేసిన అని. ఉంట బిడ్డా."

అంతే. నాజ్ ఆ ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది.

అమ్మీ పోయినప్పుడు ఆమెకు చెప్పింది వేరు. రాత్రికి రాత్రి జరిగిపోయిందనీ, మాటే పడిపోయిందనీ వాహెద్ చెప్పాడు. "పోయే ముందు నన్ను తలుచుకుందా?" అని నాజ్ అడిగితే, "ఆ తెలివి లేకుండె బేటా" అన్నాడు. ఆ మాటనే ఆమె రెండేళ్ళుగా మోస్తోంది. ఇప్పుడు అమ్మీ తెలివిగా, వరసగా, పేరు పెట్టి పిలుస్తోంది.

"అప్పుడు నా ఫోన్ రిపేర్‌కిచ్చిన" అంది నాజ్. "నీ ఫోన్‌కే ఇంటి నుంచి కాల్స్ వస్తుండె. గా సాయంత్రం మెస్‌ల అన్నం తింటుంటే నిన్ను అడిగిన, ఇంటి నుంచి ఫోన్ వచ్చిందా అని. యాదికున్నదా?"

"ఉన్నది."

"ఏం చెప్పినవ్?"

"రాలే అని."

"అప్పటికి ఇది విన్నవా, వినలేదా?"

శ్రేయ నేల మీద కూర్చుంది. "విన్న."

దుకాణంలో గిరాకీ ఎవరో దిండ్ల ధర అడుగుతున్నారు. వాహెద్ గొంతు వినిపించలేదు.

"తెల్లారితే జ్యూరీ ఉండె నాజ్, మన ఆఖరి పరీక్ష. బొమ్మలు నీవి, వీడియో నాది. నువ్వు పోతే ఇద్దరిదీ పోతుండె. కంపెనీవాళ్ళు గూడ వస్తున్నరని నీకు తెలుసు. ఒక్క రోజే గద అనుకున్న. జ్యూరీ అయినంక నేనే బస్‌స్టాండ్‌కు తోల్కపోదామనుకున్న, ఒట్టు. గప్పటికే ఇక్కడి నుంచి ఫోన్ వచ్చింది."

"ఒక్క రోజు" అంది నాజ్. "గా ఒక్క రోజుల అమ్మీ పోయింది. నీకు నౌకరీ వచ్చింది."

శ్రేయ ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. శ్రేయ ఏడిస్తే పక్కన కూర్చుని వీపు నిమరడం నాజ్‌కు అలవాటు. పరీక్షలో తప్పినప్పుడు నిమిరింది, తండ్రితో పోట్లాడి వచ్చినప్పుడు నిమిరింది. ఇప్పుడు కదల్లేదు. తనకే ఆశ్చర్యంగా ఉంది, ఆ ఏడుపు ఎవరో పక్కింట్లో ఏడుస్తున్నట్టు వినిపించడం.

"నువ్వు చెప్పకపోవుడు ఒకటి. చిన్నదానివి, ఆశపడ్డవు, భయపడ్డవు. ఎన్నటికన్న నేను మాఫ్ జేస్తనేమో. కాని శ్రేయా, ఆ మాటను ఇన్ని రోజులు దాసిపెట్టి, నీకు పనికొచ్చే ముక్క కోసుకొని, కింద పాట పెట్టి, టికెట్ పెట్టి ఊరందరికి వినిపించినవ్ చూడు. నీకెట్ల మనసొప్పింది?"

"అందరు ఏడ్చిన్రు నాజ్ అది విని..."

అన్నాక శ్రేయకే తెలిసింది, అనకూడని మాట అని.

"ఏడ్వాల్సిన మనిషి ఒక్కతే ఉండె. దానికి తప్ప అందరికి వినిపించినవ్" అంది నాజ్. గొంతు పెంచలేదు. "ఫోన్ తియ్యి. ఇప్పుడే బంద్ చేయమను."

శ్రేయ కళ్ళు తుడుచుకుని, హాలు చూసుకునే అనూప్‌కు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టమంది నాజ్. పెట్టింది.

"అనూప్, మూడో రూమ్‌ల ఆ అమ్మ వాయిస్ తీసెయ్యి."

"తీసెయ్యాల్నా? అదే గద హైలైట్ మేడం! ఆదివారం, షో అంత ఫుల్లున్నది. సోమవారం సార్‌ను అడిగి..."

"సార్‌తోని నేను మాట్లాడుకుంట. ఆ వాయిస్ మనది కాదు. దాని మనుషులను అడగకుండ పెట్టిన. తీసేసి, ఫైల్ గూడ డిలీట్ చెయ్యి."

"మీ నౌకరికి ఇబ్బంది అయితది మేడం" అన్నాడు అనూప్.

"కానియ్యి."

కాసేపటికి అనూప్ వీడియో పంపాడు. గోడల మీద వాన కురుస్తోంది, 'ఊరు పిలుస్తోంది' అన్న అక్షరాలు లేస్తున్నాయి, గొంతు లేదు. నాజ్ దాన్ని చివరిదాకా చూసింది. తర్వాత శ్రేయ ఫోన్ నుంచి అమ్మీ మెసేజ్‌ను తన ఫోన్‌కు పంపుకుంది. శ్రేయ ఫోన్‌లోంచి తానే తీసేసింది.

"ఇగ పో" అంది నాజ్.

శ్రేయ లేచింది. పరదా దాకా వెళ్ళి ఆగింది.

"ఇంకొకటున్నది. ఇది గూడ నేను చెప్పకపోతే, మళ్ల ఎవలో చెప్తే... నాకు చేతగాదు నాజ్. చాచీ గా మెసేజ్‌ల ఏమన్నది, చాచాకు చెప్పకు అన్నది గద. నాకు భయమైంది. ఏం జేయాల్నో తెల్వక నేను చాచాకే ఫోన్ చేసిన."

"ఎప్పుడు?"

"ఇది విన్నంక, గప్పుడే. చాచీ నాజ్‌ను రమ్మంటున్నది, తోలియ్యమంటరా అని అడిగిన. చాచా అన్నడు, ఒద్దు బిడ్డా, మామూలు జ్వరమే, నాజ్‌కు ఏం చెప్పకు, జ్యూరీ అయినంక నేనే పిలుస్త అని. నేను గా మాట పట్టుకున్న. నాకు కావాల్సిన మాట గదే. పట్టుకున్న."

నాజ్ మంచం మీంచి లేచింది.

పరదా పక్కకు జరిగింది. వాహెద్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గడ్డం మీద, కనుబొమ్మల మీద దూదిపోగులు. ఎంతసేపటి నుంచి అక్కడ ఉన్నాడో గానీ, అంతా విన్నట్టే ఉంది.

నాజ్ తండ్రితో ఎప్పుడూ మాట్లాడే భాషలో మాట్లాడలేదు. దుకాణానికొచ్చిన కొత్త మనిషిని అడిగినట్టు తెలుగులో అడిగింది.

"గీమె చెప్పేది నిజమేనా?"

ఆ తెలుగు విని ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నిజమే" అన్నాడు.

"అమ్మీకి మాట పడిపోయిందన్నరు."

"పడిపోలే."

"నన్ను తలుచుకోలేదన్నరు."

వాహెద్ తల దించుకున్నాడు. "నీ పేరు తప్ప ఇంకో మాట లేకుండె ఆమె నోట్లె."

నాజ్ ఆయన్ని చూస్తూనే ఉంది. నిన్న హాలులో తన చెయ్యి వదిలి చీకట్లో లేచి వెళ్ళిన మనిషి. బస్సులో అడవి దాటినా, ఊరు దాటినా నోరు తెరవని మనిషి. పాపం, గుండె చెదిరిందని తన తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టింది తను. శ్రేయ మోసం చేసింది. కోపం వచ్చింది, కోపానికి మాటలు దొరికాయి. ఈ మనిషి ముందు మాటలే రావడం లేదు. పొద్దున ఆయన తాగిన చాయ్ కప్పు కూడా తను కడిగి బోర్లించింది.

"ఎందుకు అబ్బాజాన్?" చివరికి ఆ ఒక్క మాట వచ్చింది.

"శ్రేయా, నువ్వు ఇంటికి పో బిడ్డా" అన్నాడు వాహెద్.

"పోదు. ఉండనియ్యుండ్రి. ఇగ నా సంగతులు నాకు చాటుగ ఒద్దు. చెప్పుండ్రి."

ఆయన గుమ్మంలోనే కూలబడ్డాడు.

"మామూలుగ చూసుకుందామని పిలిస్తే నేనే వచ్చి నిన్ను తోల్కపోతుంటి బేటా. గట్ల పిలువలే ఆమె. నీకు ఒక మాట చెప్పి పోవాలె అన్నది. ఎన్నేండ్లు దాస్తం, దాని హక్కు అది, చెప్పాలె అన్నది. నేను కాళ్ళు పట్టుకున్న. ఒద్దు షాజహాన్, గా మాట ఇంటే నా బిడ్డ మళ్ల నా ఇంట్ల ఉండదు అన్న. ఇనలే. నేను దవాఖానకు పోయేసరికే ఫోన్ల మాట్లాడింది. గందుకే గీ పిల్లకు ఒద్దని చెప్పిన. ఆమె అంత జల్ది పోతదని నాకేమెరుక? ఖుదా జానే, నాకు తెల్వదు."

"ఏం మాట?"

వాహెద్ తల అడ్డంగా ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు.

"నేను చెప్పలేను. నన్ను సంపినా చెప్పలేను."

"అయితే ఆ మాట అమ్మీతోనే పోయిందా?"

ఆయన కళ్ళెత్తి కూతురిని కాకుండా శ్రేయను చూశాడు.

"పోలే" అన్నాడు. "ఆఖరి పూట నేను మందులకు బయటికి పోయిన. వచ్చేసరికి మంచం పక్కన మీ అమ్మ నిర్మలమ్మ కూసోని ఉండె. షాజహాన్ ఆమె చెయ్యి పట్టుకొని ఉండె. చెప్పేసిన వాహెద్, ఇగ నాకు ఫికర్ లేదు అన్నది నాతోని. గదే ఆఖరి మాట."

శ్రేయ వాహెద్ ముందుకు వచ్చింది. "మా అమ్మనా?"

నిర్మలమ్మ ఇల్లు ఆ వీధి చివరే. రోజూ బడికి పోయేటప్పుడు నాజ్ ఆ గేటు ముందు నుంచే వెళ్తుంది. రోజూ నిర్మలమ్మ ముగ్గు దగ్గర నుంచి లేచి "తిన్నవా బిడ్డా?" అని అడుగుతుంది. రోజూ నాజ్ తిన్నానంటుంది.

నాజ్ చెప్పులు వేసుకుంది. తండ్రి "నాజ్" అని పిలిచాడు, మళ్ళీ "బేటా" అన్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు. దుకాణంలోంచి, పరుపుల మధ్య నుంచి ఎండలోకి వచ్చింది. శ్రేయ వెనకాలే వస్తోందని అడుగుల చప్పుడు బట్టి తెలిసింది. రావద్దనలేదు. ఇప్పుడు ఇద్దరూ ఒకే ప్రశ్న అడగడానికి వెళ్తున్నారు.

గేటు తీసే ఉంది. నిర్మలమ్మ వాకిట్లో చాప మీద మిరపకాయలు ఎండబోస్తోంది. ఇద్దరినీ చూసి నవ్వబోయింది. నాజ్ ముఖం చూసింది. కూతురి కళ్ళు చూసింది. చేతిలోని మిరపకాయలు చాప మీద వదిలేసి, చీర చెంగుకు చేతులు తుడుచుకుంటూ లేచింది.

"వాహెద్ భాయ్ రాలేదా?" అంది.

"రాలే" అంది నాజ్.

నిర్మలమ్మ వీధిలోకి అటూ ఇటూ చూసింది. తర్వాత నాజ్ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"అయితే లోపటికొచ్చి గొళ్ళెం పెట్టు బిడ్డా. ఆయన వచ్చేలోపల నేను నీకు ఒకరి ఫోటో చూపియ్యాలె."